ఎండలో ఒళ్ళు ఎలా పనిచేస్తుంది: మా సైటు వేసవి డైరీ

మార్చి చివరి వారం

ఒకే స్లాబు మీద, ఒకే ఎండలో, ఇంచుమించు ఒకే వయసు వాళ్ళు ఇద్దరు ఐరన్ కడుతుంటారు. ఒకాయన పదకొండింటికల్లా తల పట్టుకుని కూర్చుంటాడు. రెండో ఆయన కబుర్లు చెబుతూ భోజనం వేళ దాకా కడుతూనే ఉంటాడు. ఎందుకని అడిగితే మేస్త్రి "వాడి ఒళ్ళు అలాంటిదండి" అని తేల్చేస్తాడు. ఆ ఒళ్ళు అలా ఎందుకుందో కొలిచి చూద్దామని ఈ వేసవికి పెట్టుకున్న పని ఇది. సైటు కాకినాడ దగ్గర, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. నేను అక్కడ సైటు ఇంజినీరుని, డాక్టరుని కాదు. అందుకే సూదులు, రక్తపరీక్షలు లేవు. బయటినుంచి కొలవగలిగినవే కొలుస్తాను.

కొలవాల్సింది ఎందుకంటే, మన శరీరం ఊరికే కూర్చున్నా దాదాపు వంద వాట్ల వేడి పుట్టిస్తుంది. బరువులు మోస్తుంటే అది నాలుగైదు రెట్లవుతుంది. కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో పనికి పోయేది ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు. మిగతాదంతా వేడే. లోపల మాత్రం 37 డిగ్రీల దగ్గరే ఉండాలి. చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి, గాలి అంతకన్నా వేడెక్కిందంటే వేడి బయటికి పోవడానికి మిగిలే దారి చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోక్యాలరీల వేడిని పట్టుకుపోతుంది. ఆవిరైతేనే సుమా. కారి నేల మీద పడ్డ చెమట వల్ల ఒంట్లో నీళ్ళు పోవడమే తప్ప చల్లదనం రాదు.

ఇష్టమున్నవాళ్ళనే కొలుస్తున్నాను. పేర్లు రాయట్లేదు, హెల్మెట్ నంబరే గుర్తు.

ఏప్రిల్ మొదటి వారం: సామాను

ఫోన్‌లో కనిపించే ఉష్ణోగ్రత సరిపోదు. అది నీడలోని గాలి వేడి మాత్రమే చెబుతుంది. అమెరికా మెరైన్ల శిక్షణ శిబిరాల్లో రంగరూట్లు వడదెబ్బకు పడిపోతుంటే, 1957లో యాగ్లూ, మినార్డ్ అనే ఇద్దరు ఒక లెక్క ప్రచురించారు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు రీడింగులో 0.7 వంతు, నల్లటి గోళం లోపలి వేడిలో 0.2 వంతు, మామూలు గాలి వేడిలో 0.1 వంతు తీసుకుని కలపాలి. తేమ, ఎండ, గాలి అన్నీ ఆ ఒక్క అంకెలోకి వచ్చేస్తాయి. దాని పేరు 'వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్', పొడుగ్గా ఉంటుంది కాబట్టి నేను నోట్‌బుక్‌లో 'వేడి సూచీ' అని రాసుకుంటున్నాను.

అమ్మే పరికరం ఖరీదెక్కువ. కాబట్టి మూడు గాజు థర్మామీటర్లు కొన్నాను. ఒకదాని బల్బుకి పాత నూలు పంచె ముక్క చుట్టి, దాని కొసను నీళ్ళ సీసాలోకి వదిలాను. కొత్త గుడ్డయితే గంజి ఉంటుంది, నీళ్ళు సరిగ్గా పైకి లాగదు. పాతదైనా సోడా వేసి ఉడకబెట్టాకే చుట్టాను. సీసాలో పోసింది బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరు. మా బోరు నీళ్ళు పోస్తే రెండు మూడు రోజుల్లో గుడ్డ మీద సున్నం పొర కట్టి రీడింగు పైకి పోతుంది.

నల్లగోళానికి పాత సామాన్ల కొట్లో వెతికితే ట్యాంకుల్లో నీళ్ళు నిండగానే పంపు మూసే రాగి బంతి దొరికింది, పాతకాలం బాల్ వాల్వుది. మెరుపు లేని నల్లరంగు కొట్టి, తొర్ర చేసి, థర్మామీటరు బల్బు సరిగ్గా మధ్యలో ఉండేలా రబ్బరు బిరడాతో బిగించాను. అసలు కొలత ప్రకారం గోళం 15 సెంటీమీటర్లు ఉండాలి, నాది అంతకన్నా చిన్నది. చిన్న గోళం వేడిని కాస్త తక్కువ చూపిస్తుంది. అంటే మా సూచీ ఎంత చూపిస్తే అసలు వేడి అంతకు ఒక పిసరు ఎక్కువే అనుకోవాలి. భద్రత కోసం చేసే లెక్కలో ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం.

మూడూ ఒక సర్వే స్టాండుకి కట్టి స్లాబు మీద నిలబెడితే పిల్లలు గాలిపటాల కర్ర అనుకున్నారు.

ఏప్రిల్ రెండో వారం: బరువు మిషన్

పద్ధతి సులువే. పనికి ముందు, తర్వాత నిక్కరు మీద బరువు. మధ్యలో తాగిన నీళ్ళు సీసా గీతలతో లెక్క. మూత్రానికి వెళితే చెప్పాలి. అంచనా కోసం ఒక కొలత డబ్బా పెట్టాను, దాని మీద జోకులు ఆగలేదు. తిండి మాత్రం కొలత అయ్యాకే.

14వ నంబరు: పొద్దున 61.4 కిలోలు. నాలుగు గంటల తర్వాత 59.9. తాగింది 1.8 లీటర్లు, పోసింది ఒక 200 మిల్లీలీటర్లు. అంటే 1.5 కలుపు 1.8, అందులోంచి 0.2 తీసేస్తే 3.1 లీటర్ల చెమట. గంటకు ముప్పావు లీటరు పైనే. దాహం వేసినప్పుడల్లా తాగుతూనే ఉన్నాడు, అయినా ఒంటి బరువులో రెండు శాతానికి మించి తగ్గాడు. ఆ రెండు శాతం దాటితే ఓపిక తగ్గుతుందని, గుండె కొట్టుకునే వేగం పెరుగుతుందని వ్యాయామ శాస్త్రం ఎప్పటినుంచో చెబుతోంది. దాహం ఎప్పుడూ అవసరానికి వెనకే నడుస్తుంది. వయసు మళ్ళినవాళ్ళలో ఇంకా వెనక. మా వాచ్‌మెన్ తాతకి 70 దాటాయి. పొద్దున్నుంచి ఒక్క గ్లాసు తాగి "దప్పికే లేదు బాబూ" అంటాడు, నాలుక చూస్తే అట్ట కట్టి ఉంటుంది.

అలాగని బిందెలు బిందెలు తాగించడమూ కాదు. పావు లీటరు చొప్పున ప్రతి పదిహేను ఇరవై నిమిషాలకూ తాగాలనీ, గంటకు 1.4 లీటర్లు దాటకూడదనీ అమెరికా కార్మికుల ఆరోగ్య సంస్థ సూచన. వట్టి నీళ్ళే అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, తికమక. చూడ్డానికి అచ్చం వడదెబ్బలాగే ఉంటుంది.

అదే వారం, చివర్లో: నీలం చొక్కా

భోజనాల వేళ చొక్కాలు రాడ్ల మీద ఆరేసి ఉన్నాయి. పక్కపక్కనే రెండు నీలం చొక్కాలు. ఒకటి పాలకొండ వైపు నుంచి అప్పుడే వచ్చిన కుర్రాడిది. వీపు మీద, చంకల కింద తెల్లటి గీతలు, ఒకదాని మీద ఒకటి, సముద్రం వెనక్కి వెళ్ళాక ఇసుకలో మిగిలే నురగ గీతల్లా. గోరుతో గీకితే పొడి రాలింది. రెండోది సంక్రాంతి నుంచి ఇక్కడే పనిచేస్తున్న ఆయనది. తడిసింది ఇంకా ఎక్కువే, కానీ ఆరాక గీతలు లేవనే చెప్పాలి.

ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన సాక్ష్యం ఇదే. మిషను అక్కర్లేదు, చొక్కా చూస్తే చాలు. లీటరు చెమటలో ఒక గ్రాము నుంచి నాలుగు గ్రాముల పైదాకా ఉప్పు పోవచ్చు. ఎండకి అలవాటుపడే కొద్దీ ఆల్డోస్టెరోన్ అనే హార్మోను చెమట గ్రంథుల్లోంచి సోడియంని వెనక్కి లాక్కునేలా చేస్తుంది. చెమట ముందుగా మొదలవుతుంది, ఎక్కువగా పోస్తుంది, ఉప్పు తక్కువగా ఉంటుంది. రక్తంలోని నీటి భాగం, అంటే ప్లాస్మా, పెరుగుతుంది కాబట్టి అదే పనికి నాడి తక్కువ కొట్టుకుంటుంది. ఇదంతా వారం నుంచి రెండు వారాల్లో జరిగిపోతుంది. కండ పెంచినట్టు నెలలు పట్టదు. కానీ వేడిలో పనిచేస్తేనే జరుగుతుంది, ఏసీ గదిలో కూర్చుంటే రాదు.

ఈ సంగతిని పని రూపంలోకి తెచ్చినవాళ్ళు దక్షిణాఫ్రికా బంగారు గనులవాళ్ళు. లోతైన గనుల్లో ఉక్కపోతకి కొత్తవాళ్ళు చనిపోతుంటే, 1930ల్లో డ్రియోస్టి అనే డాక్టరు వాళ్ళను వేడి తేమ గదిలో రాళ్ళు ఎత్తించి, నోటి ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో చూసి, ఎవరికి ఎన్నాళ్ళు అలవాటు చేయాలో నిర్ణయించాడు. అప్పటి గనుల యాజమాన్యాలకి కూలీల మీద ప్రేమకన్నా బంగారం మీద ప్రేమే ఎక్కువ. అయినా ఆ కొలత మాత్రం నిలబడింది. ఇప్పటి సిఫారసు ఏమిటంటే, బొత్తిగా కొత్తవాడు మొదటిరోజు ఐదో వంతు సమయమే వేడిలో పనిచేయాలి, తర్వాత రోజుకి మరో ఐదో వంతు పెంచుకుంటూ పోవాలి. పాత చేయి సెలవు మీద వెళ్ళి తిరిగొస్తే మొదటిరోజు సగం, తర్వాత 60 శాతం, 80 శాతం, నాలుగో రోజు పూర్తి పని.

మేస్త్రికి చదివి వినిపిస్తే నవ్వాడు. "ఐదో వంతు పనికి ఐదో వంతు కూలీ ఇస్తే వాడు రేపు వస్తాడా సార్?" నిజమే. మిగతా సమయం నీడలో స్టోరు పని, రింగులు వంచడం ఇచ్చి పూర్తి కూలీ కట్టాలి. కాంట్రాక్టరు దీనికి ఇంకా ఊ అనలేదు.

ఏప్రిల్ చివర: నీళ్ళు తాగని కారణం

ఆడవాళ్ళ లెక్కలు రావడం లేదు. మోత పనికి వచ్చే వాళ్ళలో ఒకావిడని మా ఇంటావిడ మాట్లాడించింది. మగవాళ్ళు సీసాలు ఖాళీ చేస్తుంటే ఆడవాళ్ళవి సాయంత్రానికి కూడా సగం నిండే ఉంటున్నాయి. దాహం లేక కాదు. "తాగితే ఎక్కడికెళ్ళాలమ్మా?" అంది ఆవిడ. సైటులో మరుగుదొడ్డి లేదు. పొద్దున ఇంటి దగ్గర వెళితే మళ్ళీ సాయంత్రమే.

నేను తేమ, ఎండ, గాలి అని అంకెలు వేస్తున్నాను. ఇక్కడ మూత్రపిండాల పనితీరుని నిర్ణయిస్తున్నది ఒక రేకు తలుపు. నీళ్ళు తక్కువై మూత్రం చిక్కబడితే మంట, ఇన్ఫెక్షను, రాళ్ళు. ఎండలో ఏళ్ళ తరబడి ఒళ్ళు ఎండబెట్టుకుంటే కిడ్నీకే దెబ్బ. మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీల్లో షుగరు, బీపీ లేకుండానే కిడ్నీలు పాడవుతుంటే పరిశోధకులు వేడినీ, నీళ్ళలేమినీ ముఖ్య అనుమానితులుగా చూస్తున్నారు. మన ఉద్దానం శ్రీకాకుళంలోనే ఉంది. అక్కడి కిడ్నీ జబ్బుకి ఒకే కారణమని ఇప్పటికీ తేలలేదు కాబట్టి దాన్ని దీనికి ముడిపెట్టను. కానీ ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళు మా సైటులో ఉన్నారు, నీళ్ళ విషయంలో వాళ్ళ కిడ్నీలతో పరాచికాలొద్దు.

సిమెంటు ఇటుకలు సైటులోనే ఉన్నాయి, రేకూ ఉంది. రెండు గదులు, ఒకటి ఆడవాళ్ళకి, లోపల గడియతో. ఇదీ ప్రాజెక్టు ఖర్చులోనే రాశాను.

మే రెండో వారం: పైసలు లేని మందు

పదకొండింటికి టీకి బదులు మజ్జిగ పెట్టాం, ఉప్పు దండిగా వేసి. కొందరు ఇంటినుంచి తరవాణి, అంటే పులిసిన గంజినీళ్ళు, తెచ్చుకుంటారు, అది ఇంకా మంచిదే. రెండు లీటర్లకి పైగా చెమట పోసినవాళ్ళకి ఓఆర్‌ఎస్ ప్యాకెట్. ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్ళలో కలపాలని ఎన్నిసార్లు చెప్పినా గ్లాసులో కలిపేసేవాళ్ళు ఉంటారు. అలా చిక్కగా తాగితే లాభం పోయి నష్టం వస్తుంది. గ్లూకోజూ సోడియమూ సరైన పాళ్ళలో ఉంటేనే పేగు గోడ రెంటినీ జతగా లోపలికి లాక్కుంటుంది, వాటి వెంట నీళ్ళు వస్తాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే దిలీప్ మహలనబీస్ ఈ ఉప్పు చక్కెర నీళ్ళనే డ్రమ్ముల్లో కలిపి కలరా రోగుల్ని బతికించారు. అదే సూత్రం మా స్లాబు మీద. టీ మానమని మాత్రం ఎవరికీ చెప్పలేదు. మామూలుగా తాగే రెండు మూడు కప్పులతో ఒంట్లో నీళ్ళేమీ ఆరిపోవు.

రోహిణి కార్తె

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. పగిలేలాగే ఉంది. కానీ నోట్‌బుక్‌లో రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే వచ్చిన లెక్క ఇదీ.

ఏప్రిల్ చివర్లో, సముద్రపు గాలి తిరిగిన మధ్యాహ్నం: గాలి 35, తడిగుడ్డ 29.5, నల్లగోళం 45. సూచీ 33.
నిన్న, పడమటి గాలి కొట్టిన మధ్యాహ్నం: గాలి 43, తడిగుడ్డ 26, నల్లగోళం 54. సూచీ 33.

పేపర్లో ఎనిమిది డిగ్రీల తేడా. ఒంటికి మాత్రం ఇంచుమించు అదే భారం. అలవాటుపడ్డ మనిషి ఓ మోస్తరు పని ఆపకుండా చేయాలంటే సూచీ 28 దాటకూడదని పాశ్చాత్య ప్రమాణం. మే నెలలో మాకు పొద్దున ఆరున్నరకే 27.6 వచ్చింది. ఏడు దాటితే 28 పైనే. ఆ పుస్తకం పట్టుకుంటే కోస్తాలో వేసవంతా పని బంద్. ఆ అంకెను అచ్చంగా పాటించలేం. కానీ దాన్ని చూసే పని వేళలు ఐదున్నర నుంచి పదిన్నర, మళ్ళీ నాలుగు నుంచి ఆరున్నరగా మార్చాం. స్లాబు కాంక్రీటుకి కూడా ఇదే మంచిది, కాంట్రాక్టరు ఒప్పుకున్నది ఆ కారణానికే అనుకుంటాను.

భారం ఒకటే అయినా ఒళ్ళు దాన్ని మోసే తీరు వేరు. ఉక్కపోత రోజున చెమట కారిపోతుంది, ఆరదు. నీడలో బనియను విప్పి ఫ్యాను కింద కూర్చుంటే హాయి. పడమటి గాలి రోజున చొక్కా పొడిగా ఉంటుంది, చెమటే పట్టడం లేదనిపిస్తుంది. బరువు మిషను మాత్రం ఎక్కువే పోయిందని చెబుతుంది, పట్టినది పట్టినట్టు ఆవిరైపోవడమే కారణం. ఆ గాలి చర్మం కన్నా వేడిగా ఉంటుంది కాబట్టి ఒళ్ళు దాచుకోవాలి. పొడుగు చేతుల చొక్కా, తలకి తడి తువ్వాలు. పెద్దలు తలపాగా చుట్టుకున్నది షోకుకి కాదు.

1774లో లండన్‌లో చార్లెస్ బ్లాగ్డెన్ అనే వైద్యుడు మిత్రులతో కలిసి 120 డిగ్రీలు దాటిన పొడి గదిలోకి వెళ్ళి కొన్ని నిమిషాలు నిలబడి బయటికొచ్చాడు. అదే గదిలో పెట్టిన మాంసం ముక్క ఉడికిపోయింది, ఆయన ఒంటి వేడి పెద్దగా మారలేదు. గాలి పొడిగా ఉండటమే ఆయన్ని కాపాడింది. అదే గది నిండా ఆవిరి ఉంటే కథ వేరే. తడిగుడ్డ రీడింగు 35కి చేరితే నీడలో ఊరికే కూర్చున్న మనిషి కూడా బతకలేడని 2010లో ఒక లెక్క వచ్చింది. తర్వాత అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళ మీద కొలిస్తే, తేమ గాలిలో 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పడం మొదలైంది. మా స్టాండు మీద 29.5 చూసినప్పుడు టెన్షన్ పడింది అందుకే.

జూన్ మొదట్లో

ఊళ్ళో పెళ్ళికి వెళ్ళి పది రోజుల తర్వాత తిరిగొచ్చిన రాడ్ బెండరు పదింటికి స్లాబు మీద తూలాడు. మనిషి గట్టివాడు, ఏప్రిల్లో పని ఆపాక నాడి చూస్తే అందరికన్నా మంచిది ఇతనిదే. రాత్రంతా జనరల్ బోగీలో నిలబడి వచ్చాడు. పెళ్ళిలో మందు పుచ్చుకున్నాడు. పొద్దున ఏమీ తినలేదు. వీపంతా చెమటకాయలు, అవి ఉన్నచోట గ్రంథుల నోళ్ళు మూసుకుపోయి చెమట సరిగా రాదు. విడివిడిగా చూస్తే ఒక్కటీ మనిషిని పడేసేంతది కాదు. అన్నీ ఒకేరోజు కలిశాయి.

పేరు, ఊరు అడిగితే చెప్పాడు, అది మొదటి ఊరట. మాట తడబడి, ఒంటి వేడి 40 దాటితే అది వడదెబ్బ, ప్రాణం మీదికొచ్చినట్టే. నీడలోకి దించి, కాంక్రీటు తడిపే క్యూరింగ్ పైపుతో ఒళ్ళంతా తడిపి, రెండు అట్టపెట్టెలతో విసురుతూనే 108కి ఫోన్ చేశాం. ఎవరో పారాసిటమాల్ తెచ్చారు, వద్దన్నాను. జ్వరంలో మెదడే వేడిని పెంచమంటుంది, ఆ మాత్ర ఆ ఆజ్ఞను తగ్గిస్తుంది. ఎండ వేడిలో అలాంటి ఆజ్ఞే లేదు, మాత్ర చేసేదేమీ ఉండదు. ముందు చల్లబరచాలి, తర్వాత తరలించాలి. సాయంత్రానికి లేచి కూర్చున్నాడు.

మర్నాడు కాంట్రాక్టరు దగ్గరికి మేస్త్రే వెళ్ళాడు, నేను కాదు. సెలవు నుంచి వచ్చినవాళ్ళకి సగం రోజు స్లాబు, సగం రోజు నీడపని, పూర్తి కూలీ. ఏప్రిల్ నుంచి నేను అడుగుతున్నది ఒక్క పూటలో అయిపోయింది.

జూన్ రెండో వారం: నాడి మోసం చేసే చోటు

పని ఆపగానే కూర్చోబెట్టి ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో నాడి చూస్తాం. మూడో నిమిషానికి 90 లోపు దిగితే మంచిది. 90 పైనే ఉండి, మొదటిదానికీ దీనికీ తేడా పది కూడా లేకపోతే పని మితిమీరినట్టు.

పెద్ద మేస్త్రి నాడి ఎప్పుడూ 80 దాటదు. మొదట్లో ఆయన ఒంటిని అందరం మెచ్చుకున్నాం. తర్వాత జేబులోంచి బీపీ మాత్రలు తీసి చూపించాడు. ఒకటి గుండె వేగాన్ని పట్టి ఉంచేది, ఇంకొకటి ఒంట్లో నీటిని మూత్రంగా తోసేసేది. అంటే ఆయన విషయంలో నాడి కొలత పనికిరాదు. పైగా ఇద్దరు మనుషులంత జాగ్రత్త కావాలి. మాత్రలు ఆపొద్దని, వేసవిలో ఎండపని చేస్తున్నానని డాక్టరుకి చెప్పి డోసు అడగమని పంపాను. ఇంకొకతను జలుబుకి నిద్రమత్తు తెచ్చే మాత్ర వేసుకుంటున్నాడు. అలాంటివాటిలో కొన్ని చెమటని తగ్గిస్తాయి. అందుకని రిజిస్టరులో మందుల గడి ఒకటి కలిపాం.

మృగశిర వచ్చాక

మబ్బు పట్టింది, గాలి వేడి తగ్గింది, తడిగుడ్డ మాత్రం 28 దిగడం లేదు. ఇప్పుడు కొలుస్తున్నది రాత్రులు. కూలీలు పడుకునే రేకుల షెడ్డులో రాత్రి పదకొండింటికి 34, బయట 31. పగలు ఎక్కిన వేడి దిగాల్సిన సమయంలో దిగకపోతే నిద్ర పట్టదు, నిద్ర లేనివాడి ఒళ్ళు మర్నాడు వేడిని సరిగ్గా వదలలేదు. ఒక షెడ్డు రేకు మీద తాటాకు పరిచి, రెండో దానికి సున్నం కొట్టి, మూడోదాన్ని అలాగే వదిలేశాం. మూడింట్లోనూ థర్మామీటర్లు వేలాడుతున్నాయి. ప్రస్తుతానికి తాటాకు ముందుంది. వాన పడితే ఎలా ఉంటుందో చూడాలి. తాటాకు కింద ఎలుకలు చేరాయని షెడ్డువాళ్ళ ఫిర్యాదు, అది కూడా రాసి పెట్టాను.